తనకు తెలిసిన లెక్కనే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ మన చేత ఎందుకు వేయిస్తోంది?

డల్లాస్ వాసి:
మూడు నాలుగేళ్ల క్రితం మార్చిలో ఒక రాత్రి, భోజనాలయ్యాక, ఏడాది జీతమూ కోసిన పన్నూ చూపుతూ యాజమాన్యం ఇచ్చే డబ్ల్యూ-2 కాగితం ముందు పెట్టుకుని ఒకటో గడిలోని జీతాన్ని పన్ను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తూ రెండంకెలు తారుమారు చేశాను. నెలలు గడిచాక, అంకెలు సరిపోలలేదని ఐఆర్ఎస్ పంపే సీపీ2000 నోటీసు వచ్చింది. యాజమాన్యం తమకు పంపిన అంకెనూ నేను చూపిన అంకెనూ పక్కపక్కనే అచ్చువేసి, తేడాకు పన్నూ వడ్డీ కట్టమన్నారు. పొరపాటు నాదే, కాదనను. అయితే డబ్ల్యూ-2 వివరాలు జనవరి నెలాఖరులోగా సోషల్ సెక్యూరిటీ విభాగానికి వెళ్లి అక్కడి నుంచి ఐఆర్ఎస్‌కు చేరతాయి, బ్యాంకులు వడ్డీ లెక్కను 1099 పత్రంలో పంపుతాయి. జవాబు తన దగ్గరే ఉంచుకుని మనకు పరీక్ష పెట్టడం ఎందుకన్నదే నా ప్రశ్న. రిటర్ను దాఖలుకు ప్రభుత్వమే ఉచితంగా నడిపిన డైరెక్ట్ ఫైల్ సేవ 2024లో 12 రాష్ట్రాల్లో మొదలై 2025లో 25 రాష్ట్రాలకు పెరిగింది. రెండో ఏడాది డబ్ల్యూ-2 అంకెలను నేరుగా తెచ్చుకునే వీలు కూడా కల్పించారు. 2026కి దాన్ని ఎత్తివేశారు.

ఎడిసన్ వాసి:
డల్లాస్ గారూ, జీతం తప్ప మరే ఆదాయమూ లేనివారికి మీ వాదన సరిపోతుంది. మనలో చాలామంది సంగతి వేరు. మా పిన్నిగారు విజయవాడలోని బ్యాంకులో వేసిన ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల) డిపాజిట్ మీద వడ్డీకి అక్కడ పన్ను లేదు, కనుక ఇక్కడా చూపనక్కరలేదని ఏళ్ల తరబడి అనుకున్నారు. ఇక్కడి పన్ను నివాసులు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపాలి. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ పత్రం కూడా దాఖలు చేయాలి, అదీ ఐఆర్ఎస్‌కు కాక ఆర్థిక నేరాలపై నిఘా పెట్టే ఫిన్‌సెన్‌కు. ఐఆర్ఎస్సే ముందుగా నింపి పంపిన పత్రంలో ఆ వడ్డీ కనిపించకపోతే ఆవిడ నిశ్చింతగా సంతకం చేసి ఉండేవారు. పిల్లవాడు ఏడాదిలో సగానికి మించి ఎవరింట ఉన్నాడన్న దానిని బట్టి వచ్చే ఆదాయ క్రెడిట్ (తక్కువ సంపాదన ఉన్నవారికిచ్చే పన్ను రాయితీ) సంగతీ అంతే. అది ఏ యాజమాన్యానికీ తెలియదు. పైగా పన్ను వసూలు చేసేవారే లెక్క కూడా వేస్తే అనుమానం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

డల్లాస్ వాసి:
పిన్నిగారి ఇబ్బంది నిజమే, కానీ ఆవిడ చేత సాఫ్ట్‌వేర్ కూడా ఆ వడ్డీని చూపించలేదు కదా. విదేశీ ఖాతాల సమాచారం రాబట్టే అమెరికా చట్టం ఫాట్కా వచ్చాక భారత్‌లోని మన బ్యాంకు ఖాతాల వివరాలు భారత ప్రభుత్వం ద్వారా ఇక్కడికి చేరుతూనే ఉన్నాయి. ముందే నింపిన పత్రం తుది తీర్పు కావాలని నేనేమీ అనడం లేదు. హనుమకొండలో ఉన్న మా నాన్నగారికి అక్కడి ఆదాయపు పన్ను పోర్టల్‌లో పింఛను, మూలంలో కోసిన పన్ను, డిపాజిట్ వడ్డీ నిండే వస్తాయి; పోయినసారి ఒక వడ్డీ రెండుసార్లు పడితే ఆయనే సరిచేసి పంపారు. ఇక్కడ కూడా ఇది కొత్త ఊహ కాదు, 1985లోనే అప్పటి అధ్యక్షుడు రీగన్ రిటర్ను అక్కరలేని పద్ధతిని ప్రతిపాదించారు. 2002లో ప్రైవేటు కంపెనీలతో కుదిరిన ఫ్రీ ఫైల్ (ఆ కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా దాఖలు చేసే ఏర్పాటు) ఒప్పందంలో ఐఆర్ఎస్ సొంత సేవ పెట్టబోనని మాట ఇచ్చింది, 2019లో గానీ ఆ షరతు తొలగలేదు. అసలు అడ్డంకి అక్కడుంది, మీ పిన్నిగారి డిపాజిట్‌లో కాదు.

ఎడిసన్ వాసి:
ఆ షరతు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయినా నిండిన కాగితం చేతికొస్తే దిద్దేవారి కంటే సరేనని నొక్కేసేవారే ఎక్కువవుతారని నా భయం. అందుకే ఐఆర్ఎస్ తన దగ్గరున్న అంకెలను చూపితే చాలు, పన్ను మొత్తం తేల్చి చెప్పకూడదు. ఆన్‌లైన్ ఖాతాలో అవి ట్రాన్స్‌క్రిప్టుగా ఇప్పుడూ కనిపిస్తాయి, కాకపోతే దాఖలు గడువైన ఏప్రిల్ 15 నాటికి అన్నీ చేరి ఉండకపోవచ్చు. ముందు ఆ ఆలస్యాన్ని సరిచేయమని అడగాలి.