బిగించేసిన 18 మి.మీ. గ్రానైట్‌లో గ్యాస్ హాబ్ కోత: మూలలు చీలకుండా ఎలా?

కొత్తవంటిల్లు:
వంటగట్టు మీద గ్రానైట్ పరిచేశారు. మందం 18 మి.మీ., ప్లాస్టర్ గోడ నుంచి ముందు అంచు దాకా 600 మి.మీ. ఇందులో నాలుగు బర్నర్ల గ్యాస్ హాబ్ (గట్టుకు కోత పెట్టి అందులోకి దించే పొయ్యి) దించాలి. మాన్యువల్‌లో కోత కొలత 560 × 490, గాజు పలక 590 × 520 అని ఉంది. రాయిని ఊడదీసే వీలు లేదు, ఉన్నచోటే కోయాలి. హాబ్ కింద సొరుగు వస్తుంది. ఎల్‌పీజీ వాడకం, సిలిండర్ పక్క అరలో ఉంటుంది.

మూలల దగ్గర రాయి చీలకుండా ఎలా కోయించాలి? గాజు చుట్టూ సిలికాన్ వేయాలా? కింద సొరుగుతో ఏమైనా ఇబ్బందా? తెలిసినవారు చెప్పండి.

రాతిపని:
ముందు కొలత సంగతి. 600 అన్నది ప్లాస్టర్ గోడ నుంచి తీసింది కదా, టైల్ అతికించాక దాని ముఖం నుంచి మళ్లీ కొలవండి. కోత వెనక కనీసం 50, ముందు 60 మి.మీ. రాయి మిగలాలి. మీ కోత 490 కాబట్టి 600 ఉంటే లెక్క సరిగ్గా సరిపోతుంది, ఒక్క మిల్లీమీటరు కూడా అదనంగా లేదు. రాతిలో జాయింటు ఉంటే కోత దాని మీదికి రాకూడదు. కింద అర తాలూకు అడ్డపట్టీ ఎక్కడుందో కూడా చూసుకోండి, హాబ్ పెట్టె (గాజు కింద రాతిలోకి దిగే భాగం) దానికి తగిలితే రాయి కోసి ప్రయోజనం ఉండదు.

గీత గీసేటప్పుడు రాయి మీద మాస్కింగ్ టేపు అతికించి దాని మీద గీయండి. నీళ్లు పడ్డా గీత చెరగదు, అంచులు పెచ్చులూడడమూ తగ్గుతుంది. మూలమట్టం పెట్టాక రెండు కర్ణాలూ కొలవండి: 560 × 490కి రెండూ 744 మి.మీ. రావాలి. తేడా వస్తే గీత వంకరపోయినట్టే.

ఇక మూలలు. ఉన్నచోట కోసిన రాళ్లు ఎక్కువగా చీలేది ఇక్కడే, కారణం కూడా తెలిసిందే. 110 మి.మీ. డైమండ్ బ్లేడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పైన గీత మూలకు చేరేసరికి అడుగున ఇంకా సుమారు 28 మి.మీ. రాయి తెగకుండా ఉంటుంది. అది తెంపడానికి పనివాళ్లు బ్లేడును మూల దాటించి ముందుకు తోస్తారు. అలా పడిన గాటు గాజు కింద దాగిపోతుంది. వేడికి రాయి వ్యాకోచించినప్పుడల్లా లాగుడంతా ఆ గాటు కొస మీదే పడుతుంది, కొన్ని నెలలకు అక్కడి నుంచి ముందు అంచు దాకా సన్నటి పగులు పాకుతుంది.

అందుకే ముందు నాలుగు మూలల్లోనూ కోర్ బిట్‌తో (గుండ్రటి రంధ్రం కోసే గొట్టం లాంటి బిట్) రంధ్రాలు వేయించండి. 20 మి.మీ. బిట్ అయితే రంధ్రం కేంద్రం రెండు గీతలకూ 10 మి.మీ. లోపలికి ఉండాలి, అప్పుడు మూల 10 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా తేలుతుంది. హాబ్ పెట్టె మూలలు మరీ కోసుగా ఉంటే 12 మి.మీ. బిట్ వాడి కేంద్రాన్ని 6 మి.మీ. లోపల పెట్టండి. అంతకంటే కోసు మూల వద్దు. తర్వాత గీత లోపలి వైపున, నీళ్లు పోస్తూ, ఒక్కసారిగా కాకుండా ఆరేసి మి.మీ. లోతున మూడు దఫాలుగా కోయాలి. పై కోత రంధ్రాన్ని తాకగానే ఆపేయాలి. అడుగున మిగిలినదాన్ని అర లోపలి నుంచి, అదే గీత మీద కోయాలి. తల పైకెత్తి చేసే పని, ఓపిక కావాలి. ఇక్కడ మాత్రం తొందరపెట్టకండి.

కోసే ముక్క దాదాపు 13 కిలోలు. చివరి అంగుళం తెగేటప్పుడు అది వేలాడితే కోత ముందు మిగిలే సన్నటి రాతి పట్టీని విరిచేస్తుంది. కోత మొదలుపెట్టకముందే కింద అడ్డచెక్క వేసి ఊతం పెట్టండి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా కోయనివ్వకండి. నీళ్లతో పని కాబట్టి మిషన్ ప్లగ్గుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) రక్షణ తప్పనిసరి.

నీలిమంట:
సొరుగు గురించి. చాలా హాబ్‌లలో బర్నర్‌కు కావలసిన గాలి కింది నుంచే వస్తుంది. కింద అంతా మూసుకుపోతే మంట పసుపెక్కుతుంది, గిన్నెలకు మసి పడుతుంది. సొరుగు పెట్టవచ్చు, కానీ హాబ్‌కూ సొరుగుకూ మధ్య ప్లైవుడ్ పలక ఉండాలి. ఎంత ఎడం వదలాలో మీ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని తగ్గించకండి. ఆ ఖాళీలోకి వెనక నుంచి గానీ పక్క నుంచి గానీ గాలి వచ్చే దారి కూడా ఉండాలి. పరీక్ష తేలికే: సొరుగు మూసి నాలుగు బర్నర్లూ పది నిమిషాలు వెలిగించండి, తర్వాత సొరుగు పూర్తిగా లాగండి. మంట రంగు గానీ ఎత్తు గానీ మారితే గాలి చాలడం లేదన్నమాట.

సిలిండర్ అరకు గాలిరంధ్రాలు నేల మట్టంలోనే ఉండాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే అడుగున పేరుకుంటుంది. పైన మాత్రమే జాలీ పెట్టి వదిలేసిన అరలు ప్రమాదం.

హాబ్‌లోని జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నరంధ్రపు ముక్కలు) ఎల్‌పీజీవేనా అని బిగించే ముందే చూడండి. పైపులో వచ్చే సహజవాయువు జెట్ల రంధ్రాలు పెద్దవి. వాటితో ఎల్‌పీజీ మండిస్తే మంట పొడుగ్గా పసుపుగా లేస్తుంది.

హోస్ తీగ అల్లిక ఉన్న రబ్బరుది వాడండి, మధ్యలో అతుకు లేకుండా ఒకటే ముక్క, 1.5 మీటర్లు మించకుండా. అరల మధ్య పలక దాటేచోట రంధ్రం అంచుకు రబ్బరు వలయం పెట్టండి. హోస్ హాబ్ అడుగును తాకకూడదు, సొరుగు లాగినప్పుడు రాసుకోకూడదు. గ్యాస్ ఆపే వాల్వు చెయ్యి అందేచోట ఉండాలి. అంతా అయ్యాక నాబ్‌లు మూసి గ్యాస్ వదిలి ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాయండి. బుడగ లేస్తే విప్పి మళ్లీ బిగించాల్సిందే. అగ్గిపుల్లతో చూడడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

గాజుపలక:
సిలికాన్ వద్దండి. రేపు వాల్వు మార్చాలన్నా జెట్ శుభ్రం చేయాలన్నా హాబ్ పైకి తీయాలి. సిలికాన్‌తో అంటుకుపోతే లేపేటప్పుడు గాజు పగులుతుంది. హాబ్‌తో పాటు వచ్చే ఫోమ్ టేపును గాజు అడుగున అంచు వెంబడి అతికించండి, పొంగిన నీళ్లు కిందికి దిగవు. టేపు కొసలు ఒకదానికొకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే గాజు అక్కడ ఎత్తుగా నిలబడి బలమంతా ఆ ఒక్క చోట పడుతుంది. అందుకే కోత చుట్టూ రాయి మట్టంగా ఉందో లేదో కూడా తిన్నని పట్టీ ఆనించి చూడండి.

హాబ్‌ను కింది నుంచి రాయికి బిగించే క్లాంపులు అది జరగకుండా ఉండడానికే. 18 మి.మీ. రాయికి స్క్రూ అందకపోతే కింద ప్లైవుడ్ ముక్క పెట్టి, స్క్రూడ్రైవర్‌తో చేత్తోనే, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించండి. హాబ్ కదలడం ఆగిందంటే చాలు. డ్రిల్ మిషన్‌తో బిగిస్తే టఫెన్డ్ గాజు అప్పుడే పగలకపోయినా తర్వాత వేడికి ఒక్కసారిగా నుగ్గవుతుంది.

కొత్తవంటిల్లు:
అందరికీ ధన్యవాదాలు. టైల్ ముఖం నుంచి కొలిస్తే 578 వచ్చింది. వెనక 40, ముందు 48 వదిలి కోయించవచ్చా?

రాతిపని:
వద్దు. కోత వెనక 40 అంటే, గాజు 15 మి.మీ. బయటికి వస్తుంది కాబట్టి, గాజుకూ టైల్‌కూ మధ్య 25 మి.మీ. మాత్రమే ఉంటుంది. వెనక బర్నర్ మీద పెద్ద గిన్నె పెడితే గోడకు తగులుతుంది. మార్చుకునే వీలుంటే కోత లోతు 460 ఉన్న హాబ్ తీసుకోండి, వెనక 55, ముందు 63 మిగులుతాయి.

ఇదే హాబ్ పెట్టక తప్పదంటే వెనక 50 కంటే తగ్గించకండి, ముందు 38 మిగులుతుంది. ఆ పట్టీ కింద అదే మందం గ్రానైట్ ముక్కను, కోతకు రెండు వైపులా కనీసం 150 మి.మీ. దాటేలా, ఎపాక్సీ జిగురుతో అతికించి క్లాంపులు వేసి 24 గంటలు వదిలేయాలి. కోత ఆ తర్వాతే. కింది ముక్క హాబ్ పెట్టెకూ సొరుగు ముఖానికీ అడ్డు రాకుండా చోటుందో లేదో ముందే కొలుచుకోండి.