నెదర్లాండ్స్ గాజు గృహాల విద్యుత్ లెక్కను ఎలా చదవాలి?

నమస్కారం. నెదర్లాండ్స్ వ్యవసాయంలో విద్యుత్ వినియోగం 1990 నుంచి ఎలా మారిందో ఒక వ్యాసం కోసం పరిశీలిస్తున్నాను. మనకు వ్యవసాయ విద్యుత్తు అనగానే బోరు మోటార్లే గుర్తుకొస్తాయి. అక్కడ మాత్రం టమాటా, గులాబీ, చామంతి మొక్కలకు చలికాలంలో వెలుగునిచ్చే దీపాలదే పెద్ద వాటా. చిక్కంతా ఈ మొక్కలను పెంచే గాజు గృహాల (గ్రీన్‌హౌస్‌ల) దగ్గరే వస్తోంది. అక్కడి సాగుదారుల్లో చాలామంది సహజవాయువు ఇంజన్లతో వేడిని, విద్యుత్తును ఒకేసారి ఉత్పత్తి చేసుకుని, పొగలోని కార్బన్ డయాక్సైడును శుద్ధి చేసి మొక్కలకే అందిస్తూ, మిగిలిన విద్యుత్తును గ్రిడ్‌కు అమ్ముతారు. కాబట్టి గ్రిడ్ నుంచి కొన్నది మాత్రమే లెక్కిస్తే వినియోగం అసలు కంటే తక్కువగా కనబడుతుంది.

యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ పట్టికల్లో వ్యవసాయం, అటవీ రంగం కలిపి చూపే అంకెలో ఈ సొంత ఉత్పత్తి వాడకం కూడా చేరుతుందా? సోడియం దీపాల స్థానంలో ఎల్ఈడీలు రావడం వల్ల కలిగిన తగ్గుదలను, 2022లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు దీపాలు ఆర్పేయడం వల్ల వచ్చిన తగ్గుదల నుంచి వేరుచేసే పద్ధతి ఏదైనా ఉందా? ఎల్ఈడీలు ఆదా చేసిన దానిలో కొంత, వెలిగించే గంటలు పెరగడం వల్లే ఖర్చయిపోయిందని నా అనుమానం. ఇంధన గణాంకాలతో పనిచేసినవారు దయచేసి వివరించగలరు.