17 ఏళ్ళ సర్వీసు తర్వాత అన్నయ్య ఊరికొస్తున్నాడు. సన్మానం సరే, ఆ తర్వాత మేం ఏం చేయొచ్చు?

ఉద్దానం తమ్ముడు (ప్రశ్న):

మాది పలాస దగ్గర పల్లె. మా పెదనాన్న కొడుకు ఆర్మీలో 17 ఏళ్ళు చేసి, వచ్చే నెలాఖరుకి పెన్షన్ మీద వచ్చేస్తున్నాడు. వయసు 37. ఊళ్ళో కుర్రాళ్ళం చందాలు పోగుచేశాం. పలాస స్టేషన్ నుంచి ఊరిదాకా బైక్ ర్యాలీ, డప్పులు, ఫ్లెక్సీ, రామాలయం దగ్గర సన్మానం. ముప్పై వేల దాకా తేలింది. నిన్న వదినకి ఈ సంగతి ఫోన్లో చెబితే, "మర్నాటి నుంచి మీ అన్నయ్య ఏం చేస్తాడో కూడా ఆలోచించారా మరిదీ?" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

మా ఊళ్ళో అంతకుముందు రిటైరైనవాళ్ళలో ఇద్దరు ఏటీఎం కాపలాకి పోతున్నారు. ఒకాయన పొద్దస్తమానం అరుగు మీద పేకాట. మిగతావాళ్ళు విశాఖో హైదరాబాదో వెళ్ళిపోయారు. ప్రభుత్వం ఏం చేయాలన్నది వదిలేయండి. మాలాంటి మామూలు జనం ఏం చేస్తే ఆయనకి నిజంగా పనికొస్తుంది?

పాత హవల్దార్:

తమ్ముడూ, ర్యాలీ చేయండి. వాళ్ళమ్మ చూసి మురిసిపోతుంది, ఆ మాత్రం ఉండాలి. ఫ్లెక్సీలో మాత్రం నాయకుల ఫొటోలు తగ్గించి, ఇన్నాళ్ళు ఒంటిచేత్తో సంసారం ఈదిన మీ వదిన ఫొటో వేయండి. డప్పులకి పోను మిగిలిన డబ్బుతో చేయాల్సింది చాలా ఉంది.

ముందు ఇవాళ రాత్రే అన్నయ్యకి ఫోన్ చెయ్యి. సర్వీసు రికార్డులో వదిన పేరు, పుట్టినతేదీ, పిల్లల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని అడుగు. నేను ఆర్టిలరీలో చేశాను. నా బ్యాచ్‌వాడొకడు రిటైరైన కొన్నాళ్ళకే పోయాడు. రికార్డులో భార్య పేరు లక్ష్మి, పుట్టింటి ఇంటిపేరుతో. ఆధార్‌లో వరలక్ష్మి, అత్తింటి ఇంటిపేరుతో. ఫ్యామిలీ పెన్షన్ మొదలవడానికి ఏడాది దగ్గర పట్టింది. ఆ పిల్ల అఫిడవిట్లు పట్టుకుని తిరగని ఆఫీసు లేదు. యూనిట్లో ఉండగా అయితే ఇదంతా ఒక పార్ట్ టూ ఆర్డర్‌తో, అంటే రికార్డులో మార్పులు రాసే యూనిట్ ఉత్తర్వుతో, పోయే పని. గేటు దాటాక నాసిక్ రోడ్‌లో ఉన్న మా ఆర్టిలరీ రికార్డ్ ఆఫీసు లాంటి చోటికి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి.

వచ్చాక శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళండి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు) చూపించి నమోదు చేయించుకుంటే గుర్తింపు కార్డు ఇస్తారు. ఉద్యోగాల కోసం పేరు నమోదూ అక్కడే. మీలో ఒకడు సైనిక పెన్షన్లు చూసే స్పర్ష్ పోర్టల్లో లాగిన్ అవడం, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం నేర్చుకుని పెట్టుకోండి. అన్నయ్య ఒక్కడికే అని కాదు, మీ ఊళ్ళో డెబ్బై దాటిన పెన్షనర్లు నెట్ సెంటర్ల చుట్టూ తిరుగుతుంటారు చూడు, వాళ్ళకీ పనికొస్తుంది. వైద్యానికి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటుంది. ఆ పథకం పాలీక్లినిక్‌లో రిఫరల్ రాయించుకుని, వాళ్ళ జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఎమర్జెన్సీ అయితే నేరుగా వెళ్ళొచ్చు. ఈ ముక్క ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పి ఉంచండి.

ఇక డబ్బు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్, కమ్యుటేషన్ అన్నీ కలిసి ఒకేసారి ఖాతాలో పడతాయి. ఊరికి ఆ సంగతి ఎలా తెలుస్తుందో గానీ అతని కంటే ముందే తెలుస్తుంది. ఒకడు వెంచర్‌లో ప్లాటంటాడు. ఒకడు చిట్టీ పాడమంటాడు. బ్యాంకుకి వెళితే అక్కడే ఒకాయన ఇన్సూరెన్స్ పాలసీ అంటగడతాడు. బావమరిది నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తానంటాడు. కమ్యుటేషన్ అంటే ఏమిటో వీళ్ళకి తెలీదు. పెన్షన్‌లో సగం దాకా ముందే అమ్ముకోవడం అది. ఆ భాగం మళ్ళీ 15 ఏళ్ళకి గానీ కలవదు. అందాకా చేతికొచ్చేది కోతపడిన పెన్షనే. చుట్టాలుగా మీరు చేయగల పెద్ద సాయం, ఏడాదిపాటు అతన్ని అప్పడగకుండా ఉండడం. అడిగేవాళ్ళకి అడ్డంపడడం కూడా.

బాటిల్ సంగతి కూడా చెప్పాలి. నేను రిటైరై వచ్చిన కొత్తలో బజార్లో కనబడిన ప్రతివాడూ "ఎలా ఉన్నారు?" అనడానికి ముందే "క్యాంటీన్‌కి ఎప్పుడెళతారు?" అనేవాడు. ఆర్మీ క్యాంటీన్‌లో మాకిచ్చే మందు కోటాని బయటివాళ్ళకి ఇవ్వకూడదు, పట్టుబడితే కార్డు పోతుంది. ఇవ్వకపోతే గర్వం పెరిగిందంటారు. మీ కుర్రాళ్ళంతా ఒక మాట అనుకుని ఇది మానేస్తే, ర్యాలీ కంటే ఎక్కువ గౌరవం చేసినట్టు.

సిపాయి ఇల్లాలు:

హవల్దార్ గారు చెప్పినవన్నీ అయ్యాక కూడా ఇంట్లో ఒక ఏడాది కష్టంగానే ఉంటుందండీ. ఏటా సెలవుకి వచ్చే మనిషి వేరు, ఉండిపోవడానికి వచ్చిన మనిషి వేరు. మావారు వచ్చిన వారానికే వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేశారు, నాకు కారప్పొడి దొరకలేదు. గొడవలు ఇలాంటివే. మా ఇద్దరు పిల్లలు కేంద్రీయ విద్యాలయంలో హిందీ, ఇంగ్లిష్ చదువుకుని వచ్చారు, తెలుగులో గుణింతాలు రావు. మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి రాయించారు. ఆయన రూపాయి పుచ్చుకోలేదు.

మావారికి మాత్రం ఏమీ తోచేది కాదు. నాలుగింటికే లేచి షూస్ వేసుకుని కూర్చునేవారు. పక్కింటి మావయ్య రోజూ, "అల్లుడూ, తోటలో ఒక చెయ్యి వెయ్యి" అని పిలుచుకుపోయేవాడు. తోటలో అంత పని ఏమీ ఉండేది కాదని నాకు తర్వాత తెలిసింది. ఇలాంటి మావయ్య మీ ఊళ్ళోనూ ఉంటాడు, ఆయనకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

సైన్యం నుంచి వచ్చినవాళ్ళందరికీ మనసు దెబ్బతిని ఉంటుందని అనుకోకండి. యుద్ధం ముచ్చట్లు చెప్పమని సన్మానంలో మైకిచ్చి నిలబెట్టకండి. కాకపోతే నిద్ర లేకపోవడం, ఊరికే చిరాకు, తాగుడు పెరగడం కనిపిస్తే టెలి మానస్ అని మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు.

పిక్కల వ్యాపారి:

నాది చిన్న జీడి ఫ్యాక్టరీ. "మాజీ సైనికులకు ప్రాధాన్యం" అని బోర్డు పెట్టేవాళ్ళు చాలామంది గేటు దగ్గర నైట్ డ్యూటీకే పెడతారు. మీ అన్నయ్య ట్రేడ్ ఏంటో అడగండి. స్టోర్ కీపర్, క్లర్క్, డ్రైవర్, మెకానిక్, రేడియో ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంట్, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. నా దగ్గరికి ఒకాయన వాచ్‌మన్ పనికే వచ్చాడు. మాటల్లో స్టోర్ కీపర్ అని తెలిసి స్టాకు అప్పజెప్పాను. 80 కిలోల బస్తా లోపలికి రాగానే తూకం, తేమ, తెచ్చినవాడి పేరు రాసుకుని సంతకం పెట్టిస్తాడు. మొదట్లో రైతులు విసుక్కున్నారు. ఇప్పుడు తగాదా వస్తే వాళ్ళే "మేష్టారి పుస్తకం తియ్యండి" అంటున్నారు. జీతం వాచ్‌మన్‌కి ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తున్నాను. దయతో ఇస్తున్నది కాదు, నాకు గిట్టుతోంది.

ఉద్దానం తమ్ముడు:

అందరికీ థాంక్స్. అన్నయ్యకి ఫోన్ చేశాను. వదిన పుట్టినతేదీ రికార్డులో తప్పు పడిందట, రేపే క్లర్క్ దగ్గరికి వెళతానన్నాడు. ట్రేడ్ డ్రైవర్. చదువు టెన్త్. బ్యాంకు పరీక్షలు రాయాలని ఉందిగానీ డిగ్రీ లేదు, వయసైపోయింది అంటున్నాడు. ఇంకో మాట, మా ఊరి అగ్నివీర్ ఒకడున్నాడు, నాలుగేళ్ళ సర్వీసుకి చేరిన మొదటి బ్యాచ్. వాడికీ ఇవే వర్తిస్తాయా?

పాత హవల్దార్:

డిగ్రీ బెంగ వద్దు. టెన్త్ పాసై 15 ఏళ్ళ సర్వీసు ఉంటే, డిగ్రీ అడిగే గ్రూప్ సి (గుమాస్తా స్థాయి) ఉద్యోగాలకి మాజీ సైనికుడిగా అర్హత ఉంటుంది. ఆ సర్టిఫికెట్ కూడా వచ్చేముందే తీసుకోమను. వయసులో సర్వీసు కాలం, దానిపైన ఇంకో మూడేళ్ళు తీసేసి లెక్కేస్తారు. బ్యాంకు క్లర్కుల్లో మాజీ సైనికుల కోటా 14.5 శాతం, కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి లో 10 శాతం. కోటా ఉన్నా పరీక్ష గట్టెక్కాలి కదా. మీ ఫ్లెక్సీ డబ్బు కోచింగ్ ఫీజుకి కట్టండి. లెక్కలు, కంప్యూటర్ మీ కుర్రాళ్ళే సాయంత్రం పూట కూర్చోబెట్టి చెప్పొచ్చు. ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య కూర్చోవడానికి మొదట్లో సిగ్గుపడతాడు, ఒకడు తోడు వెళ్ళండి. బయటి బండ్లు నడపాలంటే సివిల్ హెవీ లైసెన్స్ ఉండాలి, అదుందో లేదో కనుక్కో.

అగ్నివీర్ లెక్క వేరు. 2022 చివర్లో చేరినవాళ్ళకి 2026 చివరికి నాలుగేళ్ళు నిండుతాయి. 25 శాతం దాకా సైన్యంలో ఉంచుకుంటారు, మిగతావాళ్ళు సేవా నిధి కింద సుమారు 11.71 లక్షలతో బయటికి వస్తారు. 2022లో ప్రకటించిన పథకం ప్రకారం పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, క్యాంటీన్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. కేంద్ర పోలీసు బలగాల్లో కోటా ఉంది, నోటిఫికేషన్లు ఇప్పటినుంచే చూసి వాడికి పంపుతూ ఉండండి. వయసు చిన్నది, డబ్బు ఒక్కసారిగా చేతికొస్తుంది. వాళ్ళ నాన్న ఆ డబ్బుతో స్లాబ్ వేద్దామని చూస్తుంటాడు. వాడు వచ్చేలోపు ఆయనతో ఎవరైనా పెద్దమనిషి చేత మాట్లాడించండి.