రూల్ కండిషన్లు కలిపాక క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్, టైప్ చెక్ ముందే ఉన్నా!

రూల్‌బండి:
టర్మ్ రీరైటింగ్ రూల్స్ (ప్యాటర్న్‌కి సరిపోయిన టర్మ్‌ని, అంటే ఎక్స్‌ప్రెషన్‌ని, ఇంకోదానిగా మార్చే రూల్స్) చదివి జావా కోడ్ పుట్టించే చిన్న కంపైలర్ రాస్తున్నా. ఒక్కో రూలుకి కండిషన్లు మూడు చోట్ల నుంచి వస్తాయి: వేరియబుల్ టైపుకి ఇన్‌స్టన్స్‌ఆఫ్ చెక్, ఒకే వేరియబుల్ ప్యాటర్న్‌లో రెండుసార్లు వస్తే రెండూ సమానమా అన్న చెక్, చివర్లో యూజర్ రాసిన షరతు. మూడు స్ట్రింగుల్నీ డబుల్ యాంపర్‌సండ్‌తో (జావా యాండ్) అతికించి ఇఫ్‌లో పడేస్తున్నా. మా టీమ్‌లో ఒకాయన "ఎక్స్ సున్నా లేదా ఎక్స్ వంద పైన" అని రాసేదాకా గొడవే లేదు. ఎక్స్ ఇంటీజర్ కాకపోతే రూలు వర్తించకుండా ఊరుకోవాలి కదా, ప్రోగ్రామే పడిపోతోంది. ఎందుకు?

పాతజావా:
జావాలో యాండ్‌కి ఆర్ కంటే ప్రిసిడెన్స్ ఎక్కువ తమ్ముడూ. నీ టైప్ చెక్ "ఎక్స్ సున్నా"కి మాత్రమే అతుక్కుంది. చెక్ ఫెయిలవగానే జావా ఆర్ కుడివైపుకి వెళ్లింది, అక్కడ ఎక్స్‌ని ఇంటీజర్‌గా తీసుకునే నీ కాస్ట్ పేలింది. ఒక్కో ముక్క చుట్టూ బ్రాకెట్లు పెట్టు.

రూల్‌బండి:
బ్రాకెట్లతో అది పోయింది అన్నా, థాంక్స్. కానీ షరతే లేని రూలుకి ఖాళీ బ్రాకెట్లు వచ్చి జావాసీ (జావా కంపైలర్) అరుస్తోంది. ప్రతిచోటా నల్ చెక్ పెట్టాలా?

చెట్టుకొమ్మ:
వద్దండీ. అసలు స్ట్రింగులు అతికించడమే మానేయండి. కండిషన్‌ని ట్రీ నోడ్‌గా ఉంచి, లిస్ట్ తీసుకుని ఒక్క నోడ్ తిరిగిచ్చే మెథడ్ ఒకటి రాయండి. లిస్ట్ ఖాళీ అయితే ట్రూ ఇవ్వాలి. జావాలో ఖాళీ స్ట్రీమ్ మీద ఆల్‌మ్యాచ్ (అన్నీ సరిపోయాయా అన్న చెక్) ట్రూ ఇచ్చేదీ ఇందుకే. మధ్యలో ట్రూలు వస్తే వదిలేయండి. షరతు లేని రూలంటే ట్రూ షరతున్న రూలే, నల్ ఊసే ఉండదు. బ్రాకెట్లు ప్రింట్ చేసేటప్పుడు చూసుకోవచ్చు.

ఇంకోటి, వరుస ముఖ్యం. టైప్ చెక్కులు ముందు, యూజర్ షరతు ఆఖరున. కే ఫ్రేమ్‌వర్క్‌లో (రీరైటింగ్ రూల్స్‌తో ప్రోగ్రామింగ్ భాషల్ని నిర్వచించే టూల్) ఆండ్‌బూల్ ఉండగా షార్ట్‌సర్క్యూట్ (ఎడమవైపు ఫెయిలైతే కుడివైపు చూడకుండా ఆగడం) కోసం ఆండ్‌దెన్‌బూల్ అని విడిగా పెట్టారు. మీ భాషలో యూజర్ రాసే "మరియు" ఈ రెంటిలో ఏదో ఇప్పుడే తేల్చుకోండి. "వై సున్నా కాదు మరియు ఎక్స్ భాగించు వై రెండు పైన" అని ఎవరో ఒకరు రాస్తారు, రాసి తీరతారు.

పాతజావా:
పై మాట నిజం. సింగిల్ యాంపర్‌సండ్ జోలికి మాత్రం పోకు, బూలియన్ల మీద అది రెండు వైపులా లెక్కగడుతుంది. రూల్స్ అన్నీ ఒకే మెథడ్‌లో కుక్కుతున్నావా? బైట్‌కోడ్ 8000 బైట్లు దాటితే హాట్‌స్పాట్ (జావా వర్చువల్ మెషీన్) డిఫాల్ట్‌గా ఆ మెథడ్‌ని జిట్ చేయదు, అంటే నడుస్తుండగా మెషీన్ కోడ్‌గా మార్చదు, 64 కేబీ దాటితే కంపైలే కాదు.

రూల్‌బండి:
అన్నీ ఒకే మెథడ్‌లోనే ఉన్నాయి అన్నా 😅 రూలుకో మెథడ్ చేస్తా. "మరియు"కి షార్ట్‌సర్క్యూటే ఖాయం. సమానత్వం చెక్‌ని టైప్ చెక్ తర్వాత, యూజర్ షరతుకి ముందు పెడుతున్నా. పెద్ద టర్మ్‌ల మీద ఈక్వల్స్ బరువైతే దాన్ని వెనక్కి జరపొచ్చా?

చెట్టుకొమ్మ:
యూజర్ షరతు ఎక్సెప్షన్ విసరదనీ, ఆగకుండా తిరగదనీ ఖాయమైతే నిరభ్యంతరంగా.