"ఆకు పచ్చబారింది" అంటే ఏ పచ్చ?

మా తిరుపతి మొక్కల గ్రూపులో మొన్న ఒక అక్క రాశారు: "మా కొత్త మనీ ప్లాంట్ ఆకులు పచ్చబారినాయి." కొందరు "సంతోషం అక్కా" అన్నారు. కొందరు వెంటనే నీళ్లు ఆపేయమన్నారు. ఆమె టెన్షన్ పడి నాకు ఫోన్ చేశారు. మొక్క సంగతి తర్వాత చెబుతాను, ముందు మాట సంగతి అడగాలి. "పచ్చబారడం" అంటే మీ వైపు ఏ రంగు?

తెలుగులో పచ్చ రెండు రంగులకూ పేరే. పచ్చకామెర్లలో ఉన్నది పసుపు, పచ్చికలో ఉన్నది ఆకురంగు. అందుకే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట తగిలించుకున్నాం. పక్కనున్న తమిళానికి ఈ చిక్కు లేదు. వాళ్ల పచ్చై ఆకురంగే, పసుపుకు మంజళ్ అని వేరే మాట ఉంది. నగరి, పుత్తూరు వైపు రెండు భాషలూ నడిచే ఇళ్లలో పచ్చ అనగానే ఆకురంగు తోచడం అందువల్లేనేమో. ఇక శ్రీవారి నామానికి వాడే పచ్చకర్పూరం తెల్లగా ఉంటుంది. అక్కడ పచ్చకు రంగుతో పనిలేదు, "పచ్చి" నుంచి వచ్చిందని నా అభిప్రాయం.

మా అవ్వ "ఆకు పండింది" అనేది. నాకు ఆ మాటే ఇష్టం. తీగ మొదలు దగ్గర ముసలి ఆకు ఒకటీ అరా పసుపు తిరిగితే అది పండుటాకు, గిల్లేస్తే సరిపోతుంది. మట్టి తడారకుండా ఉండి నాలుగైదు ఆకులు ఒకేసారి పసుపు తిరిగితే అది పండడం కాదు, కింద వేరు కుళ్లుతోంది. అప్పుడు నీళ్లు ఆపాలి, మెత్తబడిన నల్లవేళ్లు కోసేసి కొత్త మట్టిలో నాటాలి. ఈ రెండింటినీ కలిపి "పచ్చబారింది" అంటే వైద్యం తప్పుతుంది.

గ్రూపులో ఒకరి ప్రశ్న: మరి "నీ కాపురం పచ్చగా ఉండాలి" అంటాం కదండీ?

అవునండీ, అక్కడ పచ్చ అంటే వాడిపోనిది, తడి ఉన్నది, ప్రాణమున్నది. నాకైతే అది ఆకురంగు పచ్చే.

ఇంకొకరి ప్రశ్న: ఇంతకీ అక్క మొక్కకు ఏమైంది?

సాయంత్రం కొర్లగుంటలో వాళ్లింటికి వెళ్లి చూశాను. ఏమీ కాలేదు. చిగుళ్లు నిమ్మపండు రంగులో ఉన్నాయి, కాడలు గట్టిగా ఉన్నాయి. ఆ రకం రంగే అది. చీకటి హాల్లోంచి కిటికీ దగ్గరికి మార్చాక వెలుతురుకు ఆ రంగు తేలింది.

అసలు అది మనీ ప్లాంటే కాదు. చిగురును చేతిలోకి తీసుకుంటే, మర్రి చిగురు మీద ఉన్నట్టే సన్నని తొడుగు ఉంది. కింది కణుపు దగ్గర పాత తొడుగు కాగితంలా ఎండి వేలాడుతోంది. ఇది ఫిలోడెండ్రాన్. మనీ ప్లాంట్, అంటే పోతోస్ చిగురుకు ఇలా తొడుగు విడిగా ఉండదు, ముందు ఆకు కాడలోంచే విచ్చుకుంటుంది. దాని ఆకు మందం, కాడ పైభాగాన గాడి ఉంటుంది, కణుపుకు ఒక మొద్దు ఊడ. ఫిలోడెండ్రాన్ ఆకు పలుచన, కాడ గుండ్రం, సన్నని ఊడలు నాలుగైదు. నర్సరీలో రెండూ మనీ ప్లాంట్ పేరుతోనే అమ్ముతున్నారు.

ఫిలోడెండ్రాన్ అంటే గ్రీకులో చెట్టును ప్రేమించేదని అర్థం, అది అమెరికా ఉష్ణమండలపు తీగ. పోతోస్ పుట్టిల్లు పసిఫిక్‌లోని మోరియా దీవి. పోతోస్ అనే పేరు సింహళంలోని "పోత" అనే మాట నుంచి వచ్చింది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అంటున్నారు. ధనలత, కాసుల తీగ అని కొత్త పేర్లు పెట్టడం నాకు నచ్చదు. మనీ ప్లాంట్ అని ఇంటింటా అంటున్నారు, అలాగే ఉండనిద్దాం. కణుపు, ఊడ, తొడుగు, గాడి అనే మన మాటలతో గుర్తుపట్టగలిగితే చాలు.

పెంపకం రెండింటికీ ఒకటే. వేలు మొదటి గీత దాకా దించితే మట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్లు. మన మే నెల మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు మాడుతుంది. ముక్క నాటాలంటే కణుపు తప్పనిసరి. తమలపాకులా ఉందని పిల్లలు నోట పెట్టుకోకుండా చూడండి, రెండు తీగల ఆకుల్లోనూ నోరు మండించే సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి.

అక్క తన పోస్టు మార్చి రాశారు: "మా కొత్త తీగ చిగుళ్లు నిమ్మపండు రంగులో వస్తున్నాయి." ఇక చిగురు మీది ఆ తొడుగును మీ ఊళ్లో ఏమంటారో చెప్పండి. మర్రికి, పనసకు వాడే మాట ఏదైనా సరే.