బాతుపిల్ల కాళ్లు పక్కలకి జారిపోతున్నాయి, కట్టు ఎన్నాళ్లు ఉంచాలి?

వారం వయసు పిల్ల. రెండు కాళ్లూ చెరో పక్కకి జారిపోయి పొట్ట మీదే పాకుతోంది. మేత బాగానే తింటోంది. కింద న్యూస్‌పేపర్ ఉన్నన్నాళ్లూ పాదాలకి పట్టు దొరకలేదు, అందుకే ఇప్పుడు గోనెసంచి పరిచాం. సాగే బ్యాండేజీని సన్నగా కత్తిరించి, మడమ కీలుకి కింద రెండు కాళ్లకీ వదులుగా చుట్టి, మధ్యలో మామూలుగా నిలబడినప్పుడు ఉండేంత ఎడం వదిలాం. బిగిస్తే పాదం వాస్తుంది కాబట్టి పూటపూటా చూస్తున్నాం.

దాణా కోడిపిల్లలదే. బాతుపిల్లకి కిలో దాణాలో సుమారు 55 మిల్లీగ్రాముల నియాసిన్ (కాళ్ల బలానికి అవసరమైన బి3 విటమిన్) కావాలి, కోడిపిల్లకి అంత అక్కర్లేదు. ఆ లోటుకి కప్పు దాణాలో ఒక టేబుల్‌స్పూన్ బ్రూయర్స్ ఈస్ట్ (నియాసిన్ ఉండే ఈస్ట్ పొడి) కలుపుతున్నాం. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఈదించి, వెంటనే తుడిచి బల్బు కింద పెడుతున్నాం. తల్లి లేని పిల్ల ఈకలు తడిస్తే చలి పట్టేస్తుంది.

అసలు భయం ఎడమ కాలి గురించి. మడమ కీలు కాస్త వాచి, కాలు బయటికి తిరిగినట్టుంది. కీలు వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి పట్టీ) గాడి తప్పి పక్కకి జారితే కట్టూ విటమినూ సరిపోవు కదా! అది జారిందో లేదో వేలితో తడిమి ఎలా తెలుసుకోవాలి? జారి ఉంటే ఇంట్లో సరిచేయొచ్చా, డాక్టరే చేయాలా? బాతుల్ని పెంచినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి.