సేవా క్లబ్బుల చేరి రెండేండ్లయింది, నాకొచ్చిన పని ఒక్కసారి కూడా ఎవరికీ అక్కరకు రాలే, ఎట్ల చెయ్యాలో చెప్పండి

జగిత్యాల_కరెంటు:

అందరికీ నమస్తే. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని, జగిత్యాల దగ్గర ఒక మిల్లుల మెయింటెనెన్స్ చూస్త, 18 ఏండ్ల నుంచి ఇదే పని. రెండేండ్ల కింద దోస్తు బలవంతం మీద టౌన్ల ఒక సేవా క్లబ్బుల చేరిన. మంచి మనుషులే, ఎవరి మీదా కంప్లైంట్ కాదు. ఆస్పత్రిల పండ్లు పంచినం, బడిపిల్లలకు నోట్‌బుక్కులు ఇచ్చినం, మొక్కలు నాటినం, రక్తదానం క్యాంపు రెండుసార్లు పెట్టినం. అన్నీ కావాల్సినయే. కానీ మా క్లబ్బుల డాక్టర్ ఉన్నడు, సీఏ ఉన్నడు, విత్తనాల షాపాయన ఉన్నడు, నేనున్న, అందరం కలిసి అరటిపండ్లు పంచుడే తప్ప ఎవరి చేతిపని ఎవరికీ పోతలేదు.

ఇప్పుడు ఎందుకు అడుగుతున్ననంటే పోయిన వానాకాలం మా చుట్టాల ఊర్ల ఒకామె బట్టలు ఆరేస్తుంటే దండెం తీగకు కరెంటు వచ్చింది. ఆమెను గుంజబోయి భర్త కూడా పోయిండు. ఇద్దరు పిల్లలు. దినాలకు పోయినప్పుడు నాకు ఆగబుద్ధి కాక ఇల్లంతా చూసిన. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీస్ వైరు రేకుల అంచుకు రాసుకుని రాసుకుని పైపొర పోయింది, రేకుల కింది ఇనుప పైపుకే జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) దండెం కట్టిండ్రు, ఇంటికి ఎర్త్, అంటే లీకైన కరెంటును భూమిలకు పంపే తీగ, అనేదే లేదు. పది నిమిషాలల్ల కనబడే తప్పు. నాలాంటోడు ఒక్కడు ఒక్కసారి ఆ గడప తొక్కి ఉంటే ఆ ఇద్దరు ఇయ్యాల ఉందురు అని ఇప్పటికీ రాత్రి పడుకుంటే అదే యాదికొస్తది.

గందుకే మీటింగుల చెప్పిన, మన క్లబ్ తరఫున ఊర్లల్ల ఇండ్లు, బడులు, బోరు మోటార్ల కరెంటు చెక్ చేద్దాం, ఖర్చు పెద్దగ ఉండదు, నేను ఆదివారాలు వస్త అని. ప్రెసిడెంట్ సార్ అన్నది ఏందంటే, మనం చూసి వచ్చినంక ఏమన్న అయితే జవాబు ఎవరు చెప్తరు అని. ఇంకొకాయన ఇస్తానికి వస్తువు లేకపోతే ప్రోగ్రాం ఎట్లయితది అన్నడు. ఎవరన్న ఇట్ల చేసినోళ్లు ఉన్నరా, ఎట్ల మొదలుపెట్టిండ్రు, లీగల్‌గ ఏమన్న తిప్పలుంటదా.

రిటైర్డ్_ఏఈ_కాకినాడ:

బాబూ, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ముప్పయ్యేళ్లు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఉండి ఇలాంటి ఇళ్లకి ఎన్నిసార్లు వెళ్లానో, వెళ్లిన ప్రతిసారీ అంతా అయిపోయాకే వెళ్లాం.

ముందు మీ ప్రెసిడెంటు గారికి ఇది చెప్పండి. నేను 22 ఏళ్లుగా రోటరీ క్లబ్‌లో ఉన్నాను కాబట్టి తెలిసిన సంగతే. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో మొదటిసారి కూర్చున్నది నలుగురు, పాల్ హారిస్ లాయరు, మిగతావాళ్లలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు మైనింగ్ ఇంజనీరు, ఒకరు బట్టలు కుట్టించే వ్యాపారం. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్లు, ఆ పేరు అందుకే వచ్చింది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరినే తీసుకునేవారు. అంటే మొదట్నుంచీ మనిషి పని చూసే చేర్చుకున్నారు, ఇప్పటికీ ఐదు రకాల సేవల్లో వొకేషనల్ సర్వీస్, అంటే తన వృత్తితో చేసే సేవ, అని ఒకటి ఉంది, జనవరి నెల మొత్తం దానికే. మీది ఏ క్లబ్ అయినా ఆలోచన అదే కదా. డాక్టర్ గారి చేత పండ్లు పంచిస్తే ఆ పూట ఒక డాక్టరు తక్కువైనట్టే, మీ విషయమూ అంతే.

ఇక పని. మీటరు దాకా డిస్కమ్‌ది, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీది, మీటరు దాటితే ఇంటివాళ్లది. ఈ గీత మీరు ఎప్పుడూ దాటొద్దు. స్తంభం, సర్వీస్ వైరు చెయ్యి పెట్టొద్దు, రేకుకి రాసుకుంటున్న వైరు కనపడితే ఫోటో తీసి ఇంటాయన చేతే 1912కి ఫోన్ చేయించండి, కంప్లైంట్ నంబరు గోడ క్యాలెండర్ మీద రాయించండి, వారం తర్వాత మీరు మళ్లీ అడగండి. ఆ రెండోసారి అడగడం ఉంది చూశారూ, సగం పని అందులోనే అవుతుంది.

మీటరు దాటాక ఇంటివైపు నేనైతే అన్నీ చూడను, మనుషులు ఎక్కడ పోతున్నారో అదే చూస్తాను. ఎండాకాలం ముందు ఇనుప బాడీ కూలర్లు. స్విచ్ ఆన్‌లో ఉండగానే నీళ్లు పోస్తారు, పిల్లలు వచ్చి తడిచేత్తో పట్టుకుంటారు. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టేస్తారు, ఆ మూడో పిన్ను పొడుగ్గా ఎందుకుందో ఎవరూ చెప్పరు, మిగతా రెండూ తగిలేలోపే ఎర్త్ తగలాలని. వానలకి ముందు దండేలు. జీఐ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి, మీ క్లబ్బాయన ఇవ్వడానికి వస్తువు కావాలన్నారుగా, తాడు ఇమ్మనండి, నిజంగా ఇంతకంటే పనికొచ్చే వస్తువు నాకు తెలీదు.

పొలాల్లో స్టార్టర్ డబ్బా. మోటార్ బాడీకి రెండు వేరువేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని రూలే ఉంది, రైతు దగ్గర ఒక్కటీ ఉండదు, ఉన్నా గొయ్యి ఎండిపోయి ఉంటుంది. తెల్లారుజామున తడి కాళ్లతో వెళ్లి డబ్బా మూత తీస్తాడు.

ఇంకోటి, ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఉందిగా మాకేం భయం అంటారు జనం. ఎమ్‌సీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. 16 ఆంపుల ఎమ్‌సీబీ పడాలంటే 16 దాటాలి, మనిషి ప్రాణం పోవడానికి ఆంపులో పదోవంతు చాలు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంత చిన్న కరెంటు లీకైనా సరఫరా ఆపేసే స్విచ్చు. ఇంట్లో ఇది ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కి చూపించండి, టప్‌మని పడితే ఇంటిల్లిపాదికీ అర్థమైపోతుంది, లెక్చర్ అక్కర్లేదు.

నల్లకోటు_గుంటూరు:

అన్నయ్యా, లీగల్ అడిగారు కాబట్టి రాస్తున్నాను, లాయర్‌ని, మా ఊళ్లో క్లబ్ తరఫున నెలకి రెండు ఆదివారాలు గుడి పక్కన కూర్చుని కాగితాలు చూసి పెడుతుంటాను, ఏడేళ్లయింది.

మీ ప్రెసిడెంట్ గారి భయం తీసిపారేయాల్సింది కాదు, కానీ దానికి దారి ఉంది. మీరు రిపేరు చెయ్యొద్దు, చూసి చెప్పండి అంతే. రిపేరు పర్మిట్ ఉన్న వైర్‌మెన్ చెయ్యాలి. "మీ ఇల్లు సేఫ్" అని నోటితోగానీ కాగితం మీదగానీ ఎక్కడా అనకండి. ఒక పేజీ కాగితం, తేదీ, ఏమేం చూశారు, ఏం చూడలేదు, ఏం మార్చుకోవాలి, కింద ఇంటివాళ్ల సంతకం, ఒక కాపీ వాళ్లకి ఒకటి మీకు. తెలుగులో పెద్ద అక్షరాల్లో. లోపలికి వెళ్లే ముందే అనుమతి అడిగి అదే కాగితంలో రాసుకోండి. బడి అయితే హెడ్మాస్టర్ గారి లెటర్ తీసుకోండి.

ఇంకో విషయం, మీరు రాసింది చదువుతుంటే ఆ పిల్లలిద్దరి గురించే ఆలోచన వచ్చింది. కరెంటు షాక్‌తో పోతే చాలామంది పోస్ట్‌మార్టం వద్దని, ఎందుకులే పోలీసులు అని తీసుకెళ్లి అంత్యక్రియలు చేసేస్తారు. తర్వాత పరిహారానికి వెళ్తే చేతిలో కాగితం ఉండదు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఈ నాలుగూ కావాలి, 2003 విద్యుత్ చట్టం 161 సెక్షన్ కింద ప్రమాదం గురించి తెలియజేయడం, విచారణ జరిపించడం ఉంది. ఆ కుటుంబంలో ఎవరైనా ఉంటే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి వెళ్లమనండి, 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా లాయర్ ఉచితం, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఇది ఉందని తెలియకే అప్పు చేసి ఫీజులు కట్టినవాళ్లని నేను ప్రతి నెలా చూస్తున్నాను. నేను ఆదివారాలు కూర్చుని చేసే పనిలో సగం కేసులు కావు, "అమ్మా నువ్వు ఫలానా గది దగ్గరకి వెళ్లు, ఈ కాగితం పట్టుకెళ్లు" అని చెప్పడమే, కానీ ఆ ముక్క చెప్పడానికి నా పదిహేనేళ్ల ప్రాక్టీసూ కావాల్సొచ్చింది.

వైర్‌మెన్_సిరిసిల్ల:

అన్నా నమస్తే, నేను వైర్‌మెన్‌ని, పర్మిట్ ఉన్నది. మీరు చేస్తనన్నది మంచిదే, నేను వద్దంటలేను, కానీ మా దిక్కు నుంచి ఒకటి చెప్త ఏమనుకోకండ్రి. టౌన్ నుంచి పెద్దోళ్లు వచ్చి ఇండ్లల్ల వైరింగ్ చూసి ఇది తప్పు అది తప్పు అని చెప్పి పోతే ఆ వైరింగ్ చేసినోడు ఆ ఊర్లనే ఉంటడు. తెల్లారి అందరు ఆని మీద పడ్తరు. ఆడు ఎర్త్ వెయ్యక కాదన్నా, ఎర్త్ పైపు, ఉప్పు, బొగ్గు, గొయ్యి తవ్విన కూలి అంటే ఇంటాయన అదంత ఎందుకు బల్బు వెలుగుతె చాలు అంటడు. మేం అడిగితె మా పైసల కోసం అడుగుతున్నం అనుకుంటరు. ఇంకోటి మీరు ఫ్రీగ చేస్తె రేపట్నుంచి మమ్మల్ని కూడ ఫ్రీగ చెయ్యమంటరు, మా పొట్ట గదే కదా.

గందుకే నేననేది ముందుగాల ఆ ఊరి వైర్‌మెన్లను పిలువుండ్రి. మాకు పని వచ్చు గని మీ తీర్గ చదువుకోలే, ఎర్త్ టెస్టర్ నేను చేతితో పట్టుకున్నది ఒక్కసారే, ఎర్త్ ఎంత బాగుందో చెప్పే ఆ కొలత, ఎన్ని ఓమ్స్ రావాల్నో ఎవ్వలు చెప్పలే. మెగ్గర్ మిషన్ పెట్టి ఇన్సులేషన్ (వైరు పైపొర) ఎట్ల చూడాలె, నేర్పుండ్రి. స్విచ్ ఫేజ్ మీద కాక న్యూట్రల్ మీద పడితె హోల్డర్ల కరెంటు ఉండనే ఉంటది అని నాకు తెలిసింది పని మొదలువెట్టిన ఆరేండ్లకు, బల్బు మారుస్తుంటె షాక్ కొట్టినంక. ఒక్క వైర్‌మెన్‌కు నేర్పితె ఆడు ఏడాదికి ఎన్ని ఇండ్లు చేస్తడో లెక్క వెయ్యుండ్రి, మీరు ఆదివారాలు తిరిగితె ఎన్ని అయితయి. మీరు చెప్పినట్టు ఇంటాయనకు ఇంజనీర్ సారే చెప్పిండు ఎర్త్ కావాలె అని కాగితం చూపెడితె అప్పుడు మేం అడిగిన పైసలకు కూడ విలువ ఉంటది.

కళ్లద్దాల_అక్క:

విజయనగరం నుంచి, ఆప్టోమెట్రిస్ట్‌ని. వైర్‌మెన్ తమ్ముడు రాసింది చదివాక నా సంగతి చెప్పాలనిపించింది. కళ్లకీ సేవా క్లబ్బులకీ పాత బంధమే, 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ క్లబ్బుల మహాసభకి వెళ్లి చూపు లేనివాళ్ల కోసం పనిచేయమని అడిగింది, అప్పట్నుంచి అదే వాళ్ల ముఖ్యమైన పని. నేనూ ఆ స్ఫూర్తితోనే మొదలుపెట్టా. మొదటి మూడేళ్లు రోజుకి రెండొందల మందిని చూసేవాళ్లం, రాసిచ్చేవాళ్లం, వచ్చేసేవాళ్లం. ఒకసారి అదే ఊరు మళ్లీ వెళ్తే పోయినేడు శుక్లం ఆపరేషన్‌కి రాసిచ్చిన ముసలమ్మ అదే చీటీ మడతపెట్టి కొంగులో దాచుకుని తెచ్చింది. ఎవరూ తీసుకెళ్లలేదు. ఆ ఏడాదిలో రెండో కన్ను కూడా బాగా మసకబారింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

అప్పట్నుంచి రోజుకి నలభై మందినే చూస్తున్నాం. ఊళ్లో ఆశా కార్యకర్తకి పేర్లు ఇస్తాం, ఎవరు ఎప్పుడు ఆస్పత్రికెళ్లాలో బండి కూడా ఆ వారమే మాట్లాడేస్తాం, నెల తర్వాత నేనే ఫోన్ చేస్తా. సంఖ్య తగ్గిందని క్లబ్‌లో కొందరు బాధపడ్డారు, నేను మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఇంకోటి ముందే రాసి పెట్టుకోండి, క్యాంపుకొచ్చినవాళ్లని నా షాపుకి రమ్మని నేను అనను, కార్డు ఇవ్వను. మీరూ ఫలానా షాపులో ఆర్‌సీసీబీ కొనమని చెప్పొద్దు, ఆ షాపు మన క్లబ్ మెంబరుదైతే అసలు చెప్పొద్దు. జనానికి ఆ అనుమానం ఒక్కసారొస్తే మీ కాగితం ఎవరూ చదవరు.

జగిత్యాల_కరెంటు:

అందరికీ చేతులెత్తి దండం. లాయర్ మేడం, ఆ పిల్లల మేనమామతోని నిన్న రాత్రే మాట్లాడిన, పోస్ట్‌మార్టం అయితే అయిందట, కాగితాలు ఎక్కడున్నయో తెల్వదట, సోమవారం నేనే తోలుకపోయి లీగల్ సర్వీసెస్ ఆఫీసుల కలిపిస్త. ఈ పని నేను ఎప్పుడో చెయ్యాల్సింది.

సిరిసిల్ల తమ్మీ, నువ్వు చెప్పింది నాకు తట్టనే లేదు, తప్పు నాదే. నేను ఇండ్లు లెక్కపెట్టుకుంట కూర్చున్న. ఇప్పుడు ప్లాన్ మార్చిన. మొదలు మా మండలంల వైర్‌మెన్లను పిలుస్త, మా మిల్లు షెడ్డుల ఒక ఆదివారం, ఎర్త్ టెస్టర్, మెగ్గర్ వాళ్ల చేతులకే ఇచ్చి కొలిపిస్త, భోజనం క్లబ్ పెడ్తనన్నది. తర్వాత ఆ చుట్టాల ఊరు ఒక్కటే తీసుకుంటం, ఇంటింటికి ఆ ఊరి వైర్‌మెన్ ముందు, నేను ఎనుక. ఒక పేజీ కాగితం మేడం చెప్పినట్టు రాస్తున్న. తాళ్ల సంగతి చెప్తే వస్తువు కావాలన్న మా పెద్దాయనే నైలాన్ తాళ్లు ఆయన పైసలతోని తెస్త అన్నడు, సంతోషమైంది. ప్రెసిడెంట్ సార్ కూడ కాగితం చూసినంక సరే అన్నరు, కాకపోతే ఒక ఊరు అయినంక చూద్దాం అన్నరు, అది కూడ న్యాయమే.

తమ్మీ నువ్వు సిరిసిల్ల నుంచి రాగలిగితె బస్సు చార్జీ నాది, నీ రోజు కూలి క్లబ్ ఇస్తది, ఫ్రీగ వద్దు. నీలాంటోడు చెప్తే వాళ్లు నాకన్న బాగ ఇంటరు.

ఏఈ సార్, ఒక డౌటు. ఆ ఊర్ల నేల అంత మొరం, ఎండాకాలం ఒక్క పైపుతోని ఓమ్స్ దిగుతలేవు, రెండు పైపులు దూరంగ వేసి కలపాల్నా, ఇంకేదన్న ఉన్నదా చెప్పండి. ఇంకా మా మిల్లుల ఎర్త్ టెస్టర్ ఒక్కటే ఉన్నది, వచ్చేటోళ్లు పదిహేను మంది దాకా ఉంటరు. కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల ఎవరి దగ్గరన్న ఇంకోటి ఉంటె ఒక్క రోజుకు ఇయ్యండి, నేనే వచ్చి తీసుకపోయి ఆ సాయంత్రమే తెచ్చిస్త.